కలం ఎత్తివేయబడిన వారు... మన మీద వారికున్న హక్కు

 

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంఘటనను ముందుగా గుర్తు చేసుకుందాం. వ్యభిచార నేరం మీద ఒక స్త్రీని ఆయన ముందుకు తీసుకువచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) నలుగురితో సంప్రదించి, ఆమెకు శిక్ష విధించారు. జనం ఆమెను శిక్షాస్థలానికి తీసుకుపోతున్నారు. అదే సమయంలో హజ్రత్ అలీ (రజి) ఆ దారిన వచ్చారు. ఆమె సంగతి ఏమిటని అడిగారు. ఆమె ఫలానా తెగకు చెందిన పిచ్చి స్త్రీ అనీ, వ్యభిచారానికి పాల్పడిందనీ, శిక్ష అమలు చేయమని ఖలీఫా ఆజ్ఞాపించారనీ వాళ్ళు చెప్పారు. ఆమెను వెనక్కి తీసుకుపొమ్మని హజ్రత్ అలీ (రజి) అన్నారు. తరువాత ఖలీఫా వద్దకు వెళ్ళి, ముగ్గురి మీది నుంచి కలం ఎత్తివేయబడిందన్న దైవప్రవక్త (స) వచనాన్ని జ్ఞాపకం చేశారు. నిద్రపోయేవాడు మేల్కొనే వరకు, పసివాడు యుక్తవయస్సుకు వచ్చే వరకు, మతిస్థిమితం లేనివాడికి తెలివి వచ్చే వరకు వారి కర్మలు రాయబడవు. హజ్రత్ ఉమర్ (రజి) వెంటనే ఆ స్త్రీని విడిచిపెట్టారు. 'అల్లాహు అక్బర్' అంటూ దైవాన్ని స్తుతించారు. ఈ ఉల్లేఖనం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ సంఘటనను మనం ఎన్నోసార్లు విని ఉంటాం. ఖలీఫా అంతటివాడు తన తీర్పును క్షణంలో మార్చుకున్న తీరుకు ఆశ్చర్యపడి ఉంటాం. కాని ఇందులో మనం అంతగా పట్టించుకోని విషయం మరొకటి ఉంది. ఆమెను తీసుకుపోతున్న వాళ్ళకు ఆమె పిచ్చిదన్న సంగతి ముందే తెలుసు! హజ్రత్ అలీ (రజి) అడగగానే వాళ్ళే ఆ మాట చెప్పారు. తెలిసి కూడా ఆమెను నడిపించుకుపోతున్నారు. ఎందుకు? వాళ్ళు దుర్మార్గులు కారు. తమకు తెలిసిన ఆ చిన్న విషయమే ఆమె ప్రాణాన్ని కాపాడే సాక్ష్యమని వాళ్ళకు తట్టలేదు, అంతే. ఆగి, అడిగి, తెలిసిన దానిని న్యాయపీఠం దగ్గరికి చేర్చిన మనిషి ఒక్కడే.

ఈ నెల మన మాటంతా ఆ ఒక్క మనిషి గురించే. మానసిక వ్యాధితో బాధపడుతూ పోలీసు స్టేషన్లో, కోర్టులో, జైల్లో చిక్కుకున్న వారి కోసం నిలబడే మనిషి గురించే.

కలం ఎవరి మీది నుంచి ఎత్తబడింది?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. మానసిక వ్యాధి ఉన్న ప్రతి ఒక్కరూ తాము చేసే పనికి బాధ్యులు కారని ఇస్లాం చెప్పలేదు. దిగులు ఉన్నవారు, భయాలు ఉన్నవారు, మందులు వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. వారు నమాజు చేస్తారు, ఉపవాసాలుంటారు, తమ మంచిచెడులకు తామే జవాబుదారులు. ఏది మంచో ఏది చెడో గ్రహించే తెలివిని వ్యాధి కప్పివేసినప్పుడే కలం ఎత్తబడుతుంది. అది వచ్చిపోయే వ్యాధి అయితే, తెలివిగా ఉన్న కాలంలో చేసిన పనికి ఆ మనిషి బాధ్యుడే అవుతాడని ధర్మశాస్త్రవేత్తలు వివరించారు.

కాబట్టి విచారించకుండా ఏ తీర్పుకూ రాకూడదు. మాయిజ్ బిన్ మాలిక్ (రజి) తనంతట తాను వచ్చి నేరం ఒప్పుకున్నప్పుడు దైవప్రవక్త (స) వెంటనే శిక్ష వేయలేదు. ముఖం తిప్పుకున్నారు. అతను మళ్ళీ మళ్ళీ ఒప్పుకున్నాడు. అప్పుడు అతనికి మతిస్థిమితం ఉన్నదా అని విచారించారు. (బుఖారీ, ముస్లిం) స్వయంగా నేరం అంగీకరించిన వాని విషయంలో కూడా మనసు సరిగా ఉన్నదో లేదో చూడనిదే తీర్పు లేదన్నమాట.

మరి నష్టపోయిన వారి సంగతేమిటి? దెబ్బ తగిలిన పొరుగువాడు, ప్రాణం పోయిన కుటుంబం ఏమైపోవాలి? ఇస్లాం వారిని కూడా మరచిపోలేదు. మతిలేని మనిషి ఇతరుల ఆస్తికి నష్టం కలిగిస్తే అతని ఆస్తి నుంచి పరిహారం ఇవ్వాలన్నారు. ప్రాణహాని జరిగితే, అది పొరపాటున జరిగిన హత్య కోవలోకి వస్తుందనీ, రక్తపరిహారపు భారం అతని దగ్గరి బంధువర్గం మీద పడుతుందనీ ధర్మశాస్త్రవేత్తలలో అత్యధికులు అభిప్రాయపడ్డారు. ఇందులోని వివేకాన్ని గమనించండి! అతని మీది నుంచి కలం ఎత్తబడింది. కాని అతని చుట్టూ ఉన్న మన మీది నుంచి ఎత్తబడలేదు. అతని బాధ్యతను మోయవలసింది అతని వాళ్ళే. వ్యాధిగ్రస్తుణ్ణి గాలికి వదిలేసి, ఏదైనా జరిగిన తరువాత 'మాకేం సంబంధం?' అనే హక్కు బంధువులకు లేదు.

తెలిసీ చెప్పకపోవడం

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు. రెండేళ్ళ క్రితం వరకు దుకాణంలో చక్కగా పని చేసేవాడు. తరువాత నిద్ర తగ్గింది. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయన్నాడు. పక్కింటివాళ్ళు తన మీద కుట్ర పన్నుతున్నారన్నాడు. అమ్మీ ఏడ్చింది. అబ్బా ఒక ఆమిల్ దగ్గరికి తీసుకుపోయాడు. తావీజు కట్టారు. 'పెళ్ళి చేస్తే అంతా సర్దుకుంటుంది' అని బంధువులు సలహా ఇచ్చారు. ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించారు. డాక్టరు మందులు రాశాడు. నెల వాడి, నిద్రమత్తుగా ఉంటున్నాడని ఆపేశారు. ఒకరోజు ఆ కుర్రవాడు కర్ర తీసుకుని పక్కింటి పెద్దాయన తల పగలగొట్టాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

స్టేషన్లో ఎస్సై అడిగాడు: "మీవాడికి ఏమైనా జబ్బుందా?" అబ్బా తల వంచుకుని అన్నాడు: "లేదు సార్, కాస్త కోపం ఎక్కువ, అంతే."

ఎందుకన్నాడు అలా? ఇంట్లో ఆడపిల్లకు సంబంధం కుదిరే దశలో ఉంది. అన్నకు పిచ్చి అని తెలిస్తే ఆ సంబంధం తప్పిపోతుందని భయం. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసిపారేయలేం. ఆ భయం పుట్టించింది మనమే. సంబంధాలు చూసేటప్పుడు ఆ ఇంట్లో ఎవరికైనా మతి చలించిందా అని గుసగుసలాడేది మనమే కదా! కాని ఆ ఒక్క మాటతో ఏమైందో చూడండి. మందులు అందవలసిన మనిషి మామూలు నేరస్థుడిగా జైలుకు పోయాడు. జైలు డాక్టరుకు అతని వ్యాధి సంగతి తెలియదు. వకీలుకు తెలియదు. న్యాయమూర్తికి తెలియదు. వీధి వీధంతటికీ తెలుసు!

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో కళ్ళు మూసుకోలేదు. వెనకటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నియమం 22వ సెక్షన్ గా ఉంది. మతిస్థిమితం లేని కారణంగా తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో చేసిన పని నేరం కాదని దాని సారాంశం. అయితే ఆ స్థితిని కోర్టులో రుజువు చేయవలసిన భారం నిందితుని పక్షం మీదే ఉంటుంది. ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, అంతకు ముందూ ఆ తరువాతా అతని ప్రవర్తన చూసిన ఇరుగుపొరుగు వాళ్ళ సాక్ష్యాలు కావాలి. ఆ చీటీలను దాచిపెట్టే ఇల్లు, నోరు మూసుకునే వీధి ఆ మనిషికి అన్యాయం చేస్తున్నట్లే.

సాక్ష్యాన్ని దాచవద్దనీ, దాచేవాని హృదయం పాపభూయిష్టమైనదనీ దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. (2:283) మనకు, మన తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే అల్లాహ్ కోసం న్యాయంగా సాక్ష్యం పలకాలని ఆదేశిస్తోంది. (4:135) పరువు పోతుందన్న భయంతో సాక్ష్యం దాచడానికి ఇందులో ఎక్కడ సందు ఉంది? జబ్బు పరువు తక్కువ పని కాదు. కుమారుని ఎడబాటు దుఃఖంతో హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడిపోయాయని ఖుర్ఆన్ చెబుతోంది. (12:84) దైవప్రవక్త మనసే అంత దుఃఖాన్ని మోసింది. అలాంటప్పుడు, మనసు గాయపడిన ప్రతివాణ్ణీ 'ఈమాన్ బలహీనమైనవాడు' అని ముద్ర వేయడం ఎంత అన్యాయం!

మరొక మాట. మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వారికే ఇతరుల వల్ల హాని జరగడం ఎక్కువ. పిచ్చివాడనగానే రాళ్ళు విసిరే పిల్లలను మనం చూడలేదా? చూసి నవ్వి ఊరుకోలేదా?

మరచిపోబడిన ఖైదీలు

హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం మనకు తెలిసిందే. తనతోపాటు జైల్లో ఉండి విడుదల కాబోతున్న వ్యక్తితో, నీ యజమాని దగ్గర నా ప్రస్తావన చెయ్యమని ఆయన కోరారు. ఆ వ్యక్తి బయటపడ్డాడు. కాని షైతాన్ అతణ్ణి మరిపింపజేశాడు. యూసుఫ్ (అలై) మరికొన్ని సంవత్సరాలు జైల్లోనే ఉండిపోయారు. (12:42) ఆలోచించండి! ఒక దైవప్రవక్త ఏళ్ళ తరబడి జైల్లో మగ్గడానికి పైకి కనిపించే కారణం ఏమిటి? బయట ఉన్న ఒక మనిషి మతిమరుపు!

ఇలాంటివి పాతకాలపు కథలు మాత్రమే కావు. అస్సాంలో ఒక వ్యక్తిని 1951లో అరెస్టు చేసి, మానసిక వైద్యశాలకు పంపారు. ఆయన కోలుకున్నాడని ఆసుపత్రివారు 1967లో ధృవీకరించారు. కాని ఇంటికి పంపే బదులు ఆయనను మళ్ళీ జైలుకే చేర్చారు. విచారణ జరగలేదు, శిక్ష పడలేదు. చివరికి 2005లో ఆయన బయటికి వచ్చాడు. అప్పటికి 54 సంవత్సరాలు గడిచిపోయాయి! యువకుడిగా లోపలికి వెళ్ళినవాడు ముదుసలిగా బయటికి వచ్చాడు. మరి రెండేళ్ళకు, 2007లో కన్నుమూశాడు. అప్పటి బీహారు రాష్ట్రపు హజారీబాగ్ జైల్లో మతిస్థిమితం లేని ఖైదీలు రెండు మూడు దశాబ్దాలుగా పడి ఉన్న సంగతి 1982లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఏ నేరమూ చేయని మానసిక వ్యాధిగ్రస్తులను జైళ్ళలో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగవిరుద్ధం అని అదే కోర్టు 1993లో తీర్పు చెప్పింది. అంటే అంతవరకు అలా పెడుతూనే ఉన్నారన్నమాట.

వీరందరి విషయంలోనూ జరిగింది ఒక్కటే. లోపల ఉన్నవాడు తన గురించి తాను చెప్పుకోలేడు. బయట ఉన్నవాడు మరచిపోయాడు.

సంకెళ్ళు వైద్యం కావు

ఇప్పుడు మన సమాజం గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించవలసిన విషయం. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో ఏర్వాడి అనే ఊరుంది. అక్కడి దర్గాకు మానసిక రోగులను తీసుకువచ్చి వదిలే ఆచారం ఉండేది. చుట్టుపక్కల ప్రైవేటు వసతి గృహాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అలాంటి ఒక గృహంలో నిప్పంటుకుంది. అది పూరిపాక. లోపలి రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోలేకపోయారు. 28 మంది ప్రాణాలు కోల్పోయారు.

వారిని అక్కడ వదిలి వెళ్ళింది శత్రువులు కాదు. తల్లులు, తండ్రులు, అన్నలు, తమ్ముళ్ళు. వారిలో చాలామంది ప్రేమతోనే, ఆశతోనే తెచ్చి ఉంటారు. కాని న్యాయస్థానం విధించని సంకెళ్ళను, ఏ నేరమూ చేయని మనిషికి మన చేతులతో మనమే వేస్తే దానిని ఏమనాలి? దానికి రేపు తీర్పుదినాన ఏమని జవాబు చెప్పుకుంటాం?

అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి చికిత్స లేకుండా సృష్టించలేదనీ, కాబట్టి వైద్యం చేయించుకోండనీ దైవప్రవక్త (స) ఉపదేశించారు. (అబూదావూద్, తిర్మిజీ) దుఆ చేయండి, ఖుర్ఆన్ పారాయణం చేసి ఊదండి. అది మన విశ్వాసం. కాని దుఆ పేరుతో డాక్టరు రాసిన మందు ఆపకండి. జ్వరం వస్తే దుఆ కూడా చేస్తాం, మందు కూడా వేసుకుంటాం కదా! మనసుకు వచ్చిన జ్వరానికి వేరే నీతి ఎందుకు?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే నుంచి అమలవుతోంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. దిక్కులేకుండా తిరిగే మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలే తప్ప లాకప్పులో గాని, జైల్లో గాని పెట్టకూడదని చెప్పింది. మానసిక వ్యాధి ఉన్న ఖైదీని చికిత్స దొరికే చోటికి మార్చాలని, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని చెప్పింది. ఆత్మహత్యాయత్నం చేసినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలే గాని శిక్షించకూడదని కూడా చెప్పింది. చట్టం కాగితం మీద ఉంటుంది. దానిని ఆ మనిషి దాకా నడిపించుకు వెళ్ళడానికి ఒక మనిషి కావాలి.

మన పూర్వీకులు చేసి చూపిన పని

ఇది మనకు కొత్త విషయం కాదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) ఖలీఫా హారూన్ రషీద్ కు రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఖైదీల గురించి ప్రత్యేకంగా ప్రస్తావించారు. వారు గొలుసులతో వీధుల్లోకి వచ్చి బిచ్చమెత్తుకునే దుస్థితి ఉండకూడదనీ, ప్రభుత్వ ఖజానా నుంచి వారికి నెలనెలా భత్యం ఇవ్వాలనీ, దిక్కులేని ఖైదీ చనిపోతే కఫన్, దఫన్ ఖర్చులు ఖజానాయే భరించాలనీ సలహా ఇచ్చారు. హిజ్రీ నాల్గవ శతాబ్ది ఆరంభంలో బాగ్దాద్ మంత్రి అలీ బిన్ ఈసా తన ప్రధాన వైద్యుడు సినాన్ బిన్ సాబిత్ కు ఒక లేఖ రాశాడు. ఇరుకైన చోట, కష్టమైన స్థితిలో ఉండే ఖైదీలకు జబ్బులు రాక తప్పవు, వారు వైద్యుని దగ్గరికి రాలేరు, కాబట్టి వైద్యులే ప్రతిరోజూ జైళ్ళకు వెళ్ళాలని అందులో ఆజ్ఞాపించాడు. సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలో కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. పేదా గొప్పా, స్త్రీ పురుష భేదం లేకుండా అందరికీ అక్కడ ఉచితంగా చికిత్స జరిగేది.

ఈ చరిత్ర చెప్పుకుని గర్వపడితే సరిపోదు. వాళ్ళ కాలంలో వాళ్ళు చేశారు. మన కాలంలో మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

నీ వీధి నీవే ఎంచుకో, అమ్మా!

మదీనాలో ఒక స్త్రీ ఉండేది. ఆమె మతి కాస్త చలించి ఉండేది. ఒకసారి ఆమె దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మీతో నాకు పని ఉందన్నది. ఆయన విసుక్కోలేదు. సహచరులతో ఆమెను పంపేయలేదు. ఆమెను ఫలానా వారి తల్లీ అని గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో మాట్లాడాలో నీవే చూసుకో, నీ పని తీరుస్తానన్నారు. దారి పక్కన ఆమెతో నిలబడి, ఆమె చెప్పదలచుకున్నదంతా చెప్పుకుని తృప్తి పడే వరకు విన్నారు. ఈ హదీసును హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. (ముస్లిం)

ఈ రోజుల్లో సామాజిక కార్యకర్తలు అని మనం పిలిచేవారు చేసే పనికి మూలం ఇందులోనే ఉంది. పేరు పెట్టి గౌరవంగా పిలవడం. ఎక్కడ మాట్లాడాలో ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడం. నలుగురిలో నవ్వులపాలు చేయకుండా పక్కకు వెళ్ళి వినడం. పని పూర్తయ్యే వరకు కదలకపోవడం. జైల్లో ఉన్న రోగి దగ్గరికి వెళ్ళి కూర్చుని వినే కార్యకర్త, అతని ఊరేదో, తల్లి ఎవరో, ఏ మందు వాడేవాడో మెల్లగా తెలుసుకుంటాడు. ఇంటికి కబురు చేస్తాడు. జైలు డాక్టరుతో, వకీలుతో మాట్లాడతాడు. విడుదలయ్యాక ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, మందు ఎవరిస్తారు అన్నది ముందే చూస్తాడు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన 'ప్రయాస్' అనే ప్రాజెక్టు 1990 నుంచి ముంబయి జైళ్ళలో, పోలీసు స్టేషన్లలో ఖైదీల కోసం సామాజిక సేవ చేస్తోంది. బెంగుళూరులోని నిమ్హాన్స్ లో మానసిక ఆరోగ్య రంగపు సామాజిక సేవను ఒక ప్రత్యేక విద్యగా నేర్పుతున్నారు. మన పిల్లలను ఇంజనీర్లను చేయాలని తపన పడతాం. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టండి, రోగిని పరామర్శించండి, బందీని విడిపించండి అన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని (బుఖారీ) వృత్తిగా చేసుకునే చదువు కూడా ఒకటి ఉందని మన పిల్లలకు చెప్పామా? జైల్లో ఉన్న మానసిక రోగి ఆ మూడింటికీ అర్హుడు. అతను ఆకలిగొన్నవాడు, రోగి, బందీ!

చట్టం అడుగుతున్న ఆ స్నేహితుడు

మతిస్థిమితం లేని నిందితుని విషయంలో మన దేశ నేర విచారణ చట్టంలో ఒక నియమం ఉంది. వెనకటి చట్టంలోనూ ఉంది, 2024 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. నిందితుణ్ణి ఆసుపత్రిలోనే ఉంచవలసిన అవసరం లేనప్పుడు, ఒక స్నేహితుడో బంధువో ముందుకు వచ్చి, ఇతనికి క్రమం తప్పకుండా చికిత్స చేయిస్తాననీ, తనకు గాని ఇతరులకు గాని హాని చేసుకోకుండా చూసుకుంటాననీ హామీ ఇస్తే, అతణ్ణి బెయిలు మీద విడుదల చేయవచ్చు.

స్నేహితుడో, బంధువో! చట్టం ఇక్కడ ఆగి ఒక మనిషి కోసం ఎదురు చూస్తోంది. ఆ మనిషి రాకపోతే తలుపు తెరుచుకోదు. ఇంత పెద్ద మొహల్లాలో, జుమా రోజు వరుసలు నిండిపోయే మస్జిదులో ఆ ఒక్క స్నేహితుడు దొరకడా?

కాబట్టి సోదర సోదరీమణులారా! మాటలతో ఆగిపోకుండా ఈ పనులు చేద్దాం:

1. ఇంట్లో మానసిక రోగి ఉంటే ఆసుపత్రి చీటీలన్నీ ఒక కవరులో భద్రంగా పెట్టండి. పోలీసులు వస్తే మొదట చెప్పవలసిన మాట, మావాడికి జబ్బుంది, చికిత్సలో ఉన్నాడు అని. ఆ కాగితాల నకళ్ళు స్టేషన్లో, వకీలుకు, జైలు డాక్టరుకు ఇవ్వండి.

2. డబ్బు లేదని ఊరుకోకండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం జైల్లో ఉన్నవారికి, వికలాంగులకు ఉచితంగా వకీలును ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టు దగ్గర ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మానసిక సమస్యలకు 14416 నంబరుతో 'టెలి మానస్' అనే ప్రభుత్వ సేవ 2022 నుంచి ఉచితంగా ఉంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

3. మస్జిద్ కమిటీలు తమలో ఇద్దరు ముగ్గురు బాధ్యతగల వారిని ఈ పనికి కేటాయించాలి. దగ్గరి జైల్లో ములాఖత్ కు ఎవరూ రాని ఖైదీలున్నారేమో జైలు అధికారుల అనుమతితో తెలుసుకోవాలి. ఇందులో మతం చూడకూడదు. నిరుపేదకు, అనాధకు, బందీకి అన్నం పెట్టేవారిని ఖుర్ఆన్ ప్రశంసించింది. (76:8) ఆ ఆయతు అవతరించిన కాలంలో ముస్లింల చేతిలో ఉన్న బందీలు ముస్లిమేతరులేనని వ్యాఖ్యాతలు చెప్పారు.

4. బైతుల్ మాల్ నుంచి పేద రోగుల మందులకు కొంత సొమ్ము వేరుగా పెట్టాలి. జకాత్ కు అర్హుడైన మతిలేని పేదవాని తరఫున అతని సంరక్షకుడు దానిని స్వీకరించవచ్చు. వివరాలు మీ ఉలమాను అడగండి. అతని ఆస్తి చేతిలో ఉన్న బంధువులు మాత్రం జాగ్రత్త! తెలివి చాలనివారికి వారి సొమ్ములోంచి తిండీ బట్టా ఇచ్చి, వారితో మంచిగా మాట్లాడమన్నది అల్లాహ్ ఆజ్ఞ. (4:5) అతని వాటా మింగేసి అతణ్ణి రోడ్డు మీద వదిలేయమని కాదు.

5. దెబ్బ తిన్న కుటుంబం ఇంటికి కూడా వెళ్ళండి. క్షమాపణ కోరండి, వైద్యం ఖర్చులు భరించండి. రోగిని కాపాడే పేరుతో బాధితుణ్ణి తక్కువ చేయడం న్యాయం కాదు.

6. అతను తిరిగి వచ్చిన రోజున మస్జిదులో అతని పక్కన నిలబడండి. వరుసలో అతని పక్కన ఖాళీ వదలకండి.

చివరిగా ఒక మాట. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒకసారి తన శిష్యునికి ఒక నల్లజాతి స్త్రీని చూపించి, ఈమె స్వర్గవాసి అని చెప్పారు. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటి మీది బట్ట తొలగిపోకుండా ఉండాలని దుఆ చేయమని ఆమె దైవప్రవక్త (స)ను కోరింది. ఆయన దుఆ చేశారు. (బుఖారీ) వ్యాధిలో కూడా ఆమె కోరుకున్నది తన గౌరవం నిలబడాలనే. జైలు గదిలో మూలకు ముడుచుకున్న రోగి కూడా మన నుంచి కోరుకునేది అంతే. తన మీద ఒక బట్ట కప్పే చెయ్యి కావాలి.

వారి మీది నుంచి కలం ఎత్తివేయబడింది. మన మీది కలం మాత్రం రాస్తూనే ఉంది. మనం చూసింది, చూసీ దాటిపోయింది, తెలిసీ చెప్పనిది అంతా రాస్తోంది.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా బందీలకు విముక్తి కలిగించు. తమ గురించి తాము చెప్పుకోలేని వారి కోసం నోరు విప్పే ధైర్యాన్ని మాకు ఇవ్వు. బయటికి వచ్చి మరచిపోయినవారిలో మమ్మల్ని చేర్చకు. రోగిష్టి బిడ్డను సాకుతున్న తల్లుల గుండెలకు నిబ్బరాన్ని ఇవ్వు, వారి కష్టానికి ఇహపరాలలో మంచి ప్రతిఫలాన్ని ప్రసాదించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!